ఎల్లేశ్వరి మీద నలభై రోజుల ఫిర్యాదు

మొదటి రోజు

నా పేరు సూరాడ కుసుమ. సముద్రం మీద తేలే తెప్పలూరులో, పదకొండో తెప్ప మీద మా ఇల్లు. ఊరి తాగునీటి కోసం దక్షిణ సముద్రం నుంచి మంచుకొండను లాక్కొచ్చే ఓడలో మోకుల పని నాది. ఇరవై రెండు నెలల తరువాత, నాలుగు రోజుల కిందట ఇంటికి వచ్చాను. నేను వెళ్ళేనాటికి నా కూతురు కిన్నెరకి పదమూడు నెలలు. ఇప్పుడు మూడేళ్లకు ఒక్క నెల తక్కువ.

మా ఊళ్ళో తల్లి ఓడ ఎక్కితే, ఆమె తిరిగొచ్చేదాకా పిల్లని పెంచడానికి ఒకరు పేరు రాయించుకోవాలి. వాళ్లని సాకుదారులంటారు. కిన్నెరకి సాకుదారు నా భర్త ధనరాజు చెల్లెలు ఎల్లేశ్వరి. ఇరవై తొమ్మిదేళ్ల మనిషి, పెళ్లి చేసుకోలేదు. పెంపకంలో లోపం కనిపిస్తే తల్లి ఫిర్యాదు పెట్టుకోవచ్చు. అందుకు నలభై రోజులు పిల్లని గమనిస్తూ, చూసింది చూసినట్టు రాసిన దినచర్య చూపించాలి. ఈ పొద్దున పిల్లల కార్యాలయానికి వెళ్ళి ఈ పుస్తకం తెచ్చుకున్నాను.

ఫిర్యాదు నిలబడితే ఎల్లేశ్వరి పేరు జాబితాలోంచి కొట్టేస్తారు. మళ్ళీ ఏ పిల్లనీ ఆమెకి ఇవ్వరు. వచ్చే ఓడ ఎక్కబోతున్న పద్నాలుగో తెప్ప మనిషి తన చంటిబిడ్డని ఎల్లేశ్వరికే ఇస్తానని అప్పుడే రాసిచ్చిందట. అదీ పోతుంది. ఇదంతా కార్యాలయంలో వివరంగా చెప్పారు. తెలిసే తెచ్చుకున్నాను.

రేవులో జరిగింది ముందు రాయాలి. మంచుకొండను రేవుకి కట్టే రోజున ఊరంతా వస్తుంది. చలి అంటే ఏమిటో ఒంటికి తెలిసేది ఆ ఒక్క రోజే గనక, పాత శాలువాలు వెతికి కప్పుకుని మరీ వస్తారు. ఎల్లేశ్వరిని దూరం నుంచే గుర్తుపట్టాను. ఆమె నడుం మీద కిన్నెర ఉంది. నేను ఓడలో ఊహించుకుంటూ వచ్చిన పిల్ల కాదు. కాళ్లు సాగి, బుగ్గలు తగ్గి, రెండు పిలకలతో ఎవరో పెద్దపిల్ల. చేతులు చాచాను. కిన్నెర ముఖం తిప్పేసుకుని ఎల్లేశ్వరి మెడలో దాచుకుంది.

"మంచమ్మ వచ్చింది, చూడే" అంది ఎల్లేశ్వరి.

"మంచమ్మ ఏటి?" అన్నాను.

"అమ్మ మంచు తేడానికెళ్ళింది అని రోజూ చెప్తుంటే, అదే అలాగ కలిపేసింది వదినా. నేను నేర్పలేదు."

నేను నమ్మలేదు.

రెండో రోజు

తూకం వేశాను. పన్నెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. పొడవు తొంభై రెండు సెంటీమీటర్లు.

పుట్టినప్పుడు కిన్నెర మూడు కిలోలు. నేను ఓడ ఎక్కేనాటికి తొమ్మిది కిలోల మూడు వందలు. అంటే నా చేతుల్లో పదమూడు నెలల్లో ఆరు కిలోలకు పైగా పెరిగింది. ఎల్లేశ్వరి చేతుల్లో ఇరవై రెండు నెలల్లో పెరిగింది మూడున్నర కిలోలు. ఎక్కువ రోజులు, తక్కువ పెరుగుదల. ఇది మొదటి లోపం.

ఓడలో గంటకోసారి ప్రతి మోకు బిగువూ చూసి రాయడం నా పని. బిగువు పడిపోతే ఎక్కడో తెగుతోందని అర్థం. ఈ అంకెలు చూస్తే నాకు అదే అనిపించింది.

నాలుగో రోజు

తిండి. పొద్దున రెండు ముద్దలు. మధ్యాహ్నం చేప పులుసు అన్నం అసలు ముట్టలేదు. సాయంత్రం ఉత్త అన్నం మూడు ముద్దలు తిని, నోరు మూసుకుని, గిన్నె చేత్తో తోసేసింది. ఏడాది పిల్లప్పుడు గిన్నె నాకి, ఇంకా కావాలని చేతులు చాచేది.

"నిన్న పొట్టనిండా తిన్నాది గదా. ఒక్కో రోజు అంతేలే" అన్నాడు ధనరాజు. కరిగిన నీళ్లు ఇళ్లకు తోడే పంపుల దగ్గర అతని ఉద్యోగం. కొత్త మంచుకొండ వచ్చిన నెల అతనికి ఊపిరాడదు. పిల్ల ఏం తింటోందో ఈ ఇరవై రెండు నెలలూ అతను చూసింది తక్కువే.

ఎల్లేశ్వరి ఇన్నాళ్లూ మా ఇంట్లోనే ఉండేది. నేను వచ్చిన మర్నాడే బట్టలు మూట కట్టుకుని పన్నెండో తెప్ప మీద తన గదికి వెళ్ళిపోయింది. వెళ్ళమని నేను అనలేదు. ఉండమనీ అనలేదు. రోజూ మధ్యాహ్నం వస్తుంది. ఆమె అడుగుల చప్పుడు వంతెన మీద వినపడగానే కిన్నెర ఏ పని చేస్తున్నా వదిలేసి పరిగెడుతుంది. ఆ పరుగు చూడలేక ఆ వేళకి నేను ఉప్పు పట్టిన బట్టలు దులపడానికి మేడ మీదకి వెళ్తున్నాను.

ఏడో రోజు

కాళ్లు. స్నానం చేయించి నిలబెట్టి చూశాను. మోకాళ్లు రెండూ ఒకదానికొకటి ఆనుకుంటున్నాయి. మడమలు మాత్రం దూరంగా ఉంటున్నాయి. మధ్యలో నా మూడు వేళ్లు పడుతున్నాయి. నేను వెళ్ళేటప్పుడు దీనికి దొడ్డికాళ్లు. అప్పుడే నడక నేర్చుకుంటూ, మోకాళ్ల మధ్య గుండ్రంగా ఖాళీతో, అటూ ఇటూ ఊగుతూ వచ్చేది. ఇప్పుడు పూర్తిగా తిరగబడింది. అరికాలు కూడా చదునుగా ఉంది.

ఎల్లేశ్వరిని అడిగాను. "ఎత్తుకునే తిప్పేవా ఏటి ఇన్నాళ్లూ? కాళ్లు ఇలాగ ఎందుకయ్యాయి?"

ఆమె కిన్నెర కాళ్ల వంక చూసింది. "నాకూ అలాగే అనిపించింది వదినా. నర్సమ్మగారికి చూపిస్తే ఏటీ కాదన్నారు."

"ఏ కాగితం మీద రాసిచ్చారు?"

"కాగితమేటీ ఇవ్వలేదు. మాటే."

అదీ రాసుకున్నాను.

పదకొండో రోజు

అప్పడం వేయించి, సగం విరిచి కిన్నెరకిచ్చాను. రెండు ముక్కలూ చూసింది. మళ్ళీ అతికించమంది. అతకదన్నాను. నేల మీద వెల్లకిలా పడి, కాళ్లు తన్నుకుంటూ ముఖం నల్లబడేదాకా ఏడ్చింది. ఇంకో అప్పడం ఇస్తే విసిరేసింది. ఆ విరిగిందే, విరగకుండా కావాలట.

ఏది చెప్పినా "వద్దు". నీళ్లు వద్దు, చెప్పులు వద్దు, జుట్టు దువ్వడం వద్దు. తనకి కావలసినదైనా ముందు వద్దు అని తరువాత తీసుకుంటుంది. గారం చేసి పాడు చేసిన పిల్ల ఇలాగే ఉంటుంది.

మధ్యాహ్నం వచ్చిన ఎల్లేశ్వరికి చెబితే, "మొత్తం అప్పడం ఇచ్చెయ్యాలి వదినా, అదే విరుచుకుంటాది" అంది. తప్పు పట్టినట్టు అనలేదు. మామూలుగానే అంది. అలా మామూలుగా తెలిసి ఉండడమే నాకు మండింది. ఆవిడకి ఇంకా చాలా తెలుసు. కిన్నెర నీళ్లు ఏ గ్లాసుతో తాగుతుందో, చెవి ఏ వైపు నొప్పి చేస్తుందో, మధ్యాహ్నం పడుకునేటప్పుడు ఎవరి చెవి తమ్మె పట్టుకుంటుందో. ఎవరిదో రాయనక్కర్లేదు. నిన్న నా చెవి అందించాను. కాసేపు తడిమి చూసి చెయ్యి తీసేసింది.

పదిహేనో రోజు

తోటి పిల్లలతో కలవడం లేదు. ఎదురింటి పిల్లలు ఇద్దరు గవ్వలతో ఆడుతుంటే, వాళ్ల పక్కనే కూర్చుని వేరే గవ్వలతో వేరే ఆట ఆడుకుంది. గంటసేపు చూశాను. ఒకరితో ఒకరు నాలుగు మాటలైనా మాట్లాడుకోలేదు.

ఓడలో మాకు వారానికి నాలుగు నిమిషాలు తెర మీద ఇంటివాళ్లని చూపించేవారు. మొదట్లో కిన్నెర తెర మీద చేతులు వేసి కొట్టేది. చివరి ఆరు నెలలూ నేను పిలిచిన ప్రతిసారీ నిద్రపోతోంది అనేది ఎల్లేశ్వరి. నాతో కలిసి పనిచేసే వాళ్లు తమ పిల్లలు తెర మీద చెప్పిన ముచ్చట్లు భోజనాల దగ్గర చెప్పుకుంటుంటే, నేను మోకులు చూడాలని లేచి వెళ్ళిపోయేదాన్ని.

పందొమ్మిదో రోజు

ఈ పిల్లకి బుడగన్న అని ఒక మనిషి ఉన్నాడు. బల్ల కింద ఉంటాడు. అన్నం తినేటప్పుడు వాడికీ గిన్నె పెట్టాలి. వాడు కూర్చున్నచోట నేను కాలు పెట్టానని ఈ రోజు పెద్ద గొడవ.

లేని మనిషితో మాట్లాడడం మంచిది కాదని నాకు భయం వేసింది. అయినా అడిగాను. "బుడగన్నకి ఎవరంటే ఇష్టం?"

"అత్త" అంది కిన్నెర, ఆలోచించకుండా.

లేని మనిషికి కూడా ఎల్లేశ్వరే కావాలి.

ఇరవై నాలుగో రోజు

వంతెన మీద అడుగుల చప్పుడు వినగానే ఈ రోజు నేనే ముందు లేచి తలుపు వేసేశాను. కిన్నెర లోపలి గదిలో బుడగన్నకి చెప్పులు తొడుగుతోంది.

ఎల్లేశ్వరి తలుపు తట్టింది. "వదినా, ఎండుచేపలు తెచ్చేను, కవ్వళ్లు. దానికిష్టం."

"నిద్రపోతోంది" అన్నాను, తలుపు తీయకుండా.

"ఈ వేళప్పుడా?"

"అవును."

 తరువాత గుమ్మం దగ్గర ఏదో పెట్టిన చప్పుడు, వెళ్ళిపోతున్న అడుగులు. నేను అనుకున్నంత సుఖం కలగలేదు, కానీ కొంత కలిగింది. మర్నాటి నుంచి కూడా ఇదే మాట చెప్పాలని నిర్ణయించుకున్నాను.

ఇరవై తొమ్మిదో రోజు

కొత్త లోపం. నత్తి. "నా నా నా నాకు", "అ అ అత్త ఏది" అంటోంది. మొదటి రోజుల్లోనూ కొంచెం ఉండేది. ఈ వారంలో ఎక్కువైంది. నాలుగు రోజులుగా ఎల్లేశ్వరి రావడం మానేసింది. ధనరాజు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "అది వంతెన దాకా వచ్చి తిరిగెళ్ళిపోతోంది. నువ్వెరుగుదువా?" అని అడిగాడు.

"ఎరుగుదును" అన్నాను.

"ఇద్దరి మధ్య నేనేటి మాట్లాడను" అని పంపు గది తాళాలు తీసుకుని మళ్ళీ వెళ్ళిపోయాడు. తిండి కూడా తినలేదు.

ముప్పై మూడో రోజు

ఓడలో పక్కకి వాలిన స్తంభాన్ని రెండు వైపులా దబ్బలు పెట్టి, తాడు చుట్టి, రోజుకింత బిగిస్తే తిన్నబడుతుంది. అలా ఎన్నో సరిచేశాను. వెదురు దబ్బలు నునుపుగా చెక్కి, మెత్తటి గుడ్డ చుట్టి, కిన్నెర కాళ్లకి కట్టాను. బిగించలేదు, ఒదిగేలా మాత్రమే కట్టాను. ముడి నా చేతి ముడి, జారదు.

మొదట నవ్వింది. కర్రకాళ్లతో నడుస్తున్నట్టు నాలుగడుగులు వేసింది. అప్పుడే పెద్ద అల వచ్చి తెప్ప కాస్త లేచింది. మా ఊరి పిల్లలు మోకాళ్లు వంచి ఆ ఊపును తట్టుకుంటారు. దీని మోకాళ్లు వంగవు. ముఖం మీద పడింది. కింది పెదవి చిట్లింది.

రక్తం చూసి ముడి విప్పబోయాను. నా ముడే నాకు ఊడి రాలేదు. చివరికి కత్తితో కోసేశాను. ఆ ఏడుపులో పిల్ల ఒక్క మనిషినే పిలిచింది. నేను ఎత్తుకుని ఉండగానే పిలిచింది. నా భుజం మీద నుంచి గుమ్మం వైపు చేతులు చాచి పిలిచింది.

ఆ దబ్బలు సముద్రంలో పారేశాను. దీన్ని ఈ పుస్తకంలో రాయాలా అని ఆలోచించాను. చూసింది చూసినట్టు రాయమన్నారు గనక రాశాను.

నలభయ్యో రోజు

మొత్తం తొమ్మిది లోపాలు. తిరిగి చదివాను. పుస్తకం కార్యాలయంలో ఇచ్చేస్తున్నాను. రేపు పిల్లల నర్సు ఎదుట నేనూ ఎల్లేశ్వరీ హాజరు కావాలి.

నలభై ఒకటో రోజు

పిల్లల నర్సు అప్పలనర్సమ్మగారు. అరవై దాటిన మనిషి. ఈ ఊరు ఏడు తెప్పలుగా ఉన్నప్పటి నుంచీ పిల్లల్ని తూస్తున్నారట. నేనొక కుర్చీలో, ఎల్లేశ్వరి దూరంగా ఇంకో కుర్చీలో కూర్చున్నాం. కిన్నెర మా ఇద్దరినీ చూసి, పదిహేడు రోజుల తరువాత కనిపించిన అత్త ఒళ్ళోకి ఎక్కింది. ఎల్లేశ్వరి దాన్ని పట్టుకోలేదు. చేతులు పక్కన పెట్టుకుని నన్ను చూస్తూ కూర్చుంది.

నర్సమ్మగారు ముందు పిల్లని చూశారు. ఒంటికాలి మీద నిలబడమన్నారు, ఒక్క క్షణం నిలబడింది. మెట్లు ఎక్కించారు. చెక్క దిమ్మలు తొమ్మిది పేర్చింది. పలక ఇస్తే ఒక సున్నా గీసింది.

"ఇదేటి?" అని అడిగారు.

"బు బుడగన్న" అంది కిన్నెర. "కోపంగా ఉన్నాడు."

తరువాత నా పుస్తకం తీశారు. ప్రతి పేజీలోనూ ఆవిడ పెన్సిల్ గుర్తులున్నాయి.

"కుసుమా, మొదటి ఏడాది పెరిగినట్టే పిల్లలు ప్రతి ఏడాదీ పెరిగితే, పదేళ్లకి ఈ పిల్ల అరవై కిలోలు దాటాలి. అలాగ ఎవరైనా ఉన్నారా మన ఊర్లో?"

నేను ఆవిడ చేతిలోని పుస్తకం వంక చూశాను.

"ఏడాది దాటేక పెరుగుదల నెమ్మదిస్తాది. ఏడాదికి రెండు కిలోలు, కొంచెం అటూ ఇటూ. పెరిగేది తగ్గితే ఆకలీ తగ్గుతాది. ఒక పూట తింటారు, ఒక పూట తినరు. పూట పూటకీ లెక్క చూడకు, వారం మొత్తం చూడు. ఈ పిల్ల సరిగ్గా తన గీత మీదే పెరుగుతోంది."

"కాళ్లో?"

"నడక నేర్చేటప్పుడు దొడ్డికాళ్లు, మూడు నాలుగేళ్లకి మోకాళ్లు ఒరుసుకోడం, ఏడేళ్లు వచ్చేసరికి తిన్నగా. పిల్లల కాళ్లు ఆ దారినే వెళ్తాయి. ఒక కాలు ఒకలాగా, ఇంకో కాలు ఇంకోలాగా ఉంటేనో, నొప్పంటేనో నా దగ్గరకి తీసుకురా. ఎల్లేశ్వరికీ ఇదే చెప్పేను. కాగితం రాసివ్వకపోడం నా తప్పే."

అప్పడం దగ్గర నర్సమ్మగారు చిన్నగా నవ్వారు. వద్దు అనడం, ఈ వయసు పిల్ల తానొక మనిషినని కనుక్కోవడమే అన్నారు. పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకోవడం, కలిసి ఆడడానికి ముందు మెట్టు. బుడగన్న లాంటి వాళ్లు ఊళ్ళో సగం ఇళ్లలో ఉన్నారట. నత్తి గురించి మాత్రం నెమ్మదిగా చెప్పారు. "చెప్పాలనుకున్నది ఎక్కువ, నోటికొచ్చిన మాటలు తక్కువ. అందుకే నోరు తడబడతాది. తొందరపెట్టకుండా వింటే చాలావరకు సర్దుకుంటాది. ఆరు నెలలు దాటినా పోకపోతే చూద్దాం. బెంగ పడితే ఎక్కువవడం కూడా నేను చూసేను."

ఇరవై తొమ్మిదో రోజు పేజీ మీద వేలు పెట్టి ఉంచారు. తరువాత కిన్నెర గడ్డం పట్టుకుని పెదవి చూశారు.

"నలభై రోజుల్లో ఈ పిల్లకి తగిలిన దెబ్బ ఇదొక్కటే."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "అయితే నేను అబద్ధాలు రాశానా?" అన్నాను.

"లేదమ్మా. ఉన్నదే రాసేవు. ఇంత శ్రద్ధగా చూసిన మనిషిని నేను చూడలేదు. ఏ వయసుకి ఏటి జరుగుతాదో నీకు చెప్పినవాళ్లు లేరు. అందుకని జరిగిన ప్రతిదానికీ ఒక మనిషిని వెతుక్కున్నావు." పుస్తకం మూసి నాకిచ్చారు. "ఎల్లుండి దాకా గడువుంది. ఉంచుతావో, వెనక్కి తీసుకుంటావో, ఇంకేటైనా చేరుస్తావో నీ ఇష్టం. చట్టం అంతే."

నలభై రెండో రోజు

ఎల్లేశ్వరి గది ముందు నాచు ఆరబెడుతోంది. నన్ను చూసి కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని. సంతోషపడుతుందనుకున్నాను. తడి నాచు పోగులు పోగులుగా దండెం మీద వేస్తూనే ఉంది.

"నీ పుస్తకంలో రాసినవేవీ నేను చెయ్యలేదు వదినా. చేసింది ఒకటుంది. అది నువ్వు రాయలేదు, నీకు తెలీదు గనక."

"ఏటది?"

"తెర మీద నువ్వొచ్చే వేళకి అది నిద్రపోయేది కాదు. పక్కింట్లో కూచోబెట్టి వచ్చేదాన్ని."

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఎన్నిసార్లు?"

"ఆరు నెలలు. ప్రతి వారం."

"ఎందుకు?"

"తెర ఆరిపోయేక అది రేవు వైపుకెళ్ళి కూచునీది. మంచమ్మ, మంచమ్మ అనీది. రెండు రోజులు నా దగ్గరకి సరిగ్గా వచ్చీది కాదు. పిల్ల బెంగపెట్టుకుంటాదని ఆపేనని చెప్పొచ్చు. అదీ కొంత నిజమే." దండెం పట్టుకుని ఆగింది. "నాలుగు నిమిషాలు కనిపించి నువ్వు దాన్ని మొత్తం తీసుకుపోయేదానివి. వారమంతా చేసేది నేను. అది నేను ఓర్చుకోలేకపోయేను."

వారానికి నాలుగు చొప్పున ఇరవై ఆరు వారాలు. నూట నాలుగు నిమిషాలు. కిన్నెర మొదటి వాక్యాలు కట్టింది ఆ నెలల్లోనే. భోజనాల బల్ల దగ్గర నుంచి నేను లేచిపోయింది ఆ నెలల్లోనే. ఏం అన్నానో వరసగా గుర్తు లేదు. ఆమె ఆరబెట్టిన నాచు దండెం లాగి కింద పడేశానని మాత్రం గుర్తుంది. ఎల్లేశ్వరి అడ్డుకోలేదు. నేను వంతెన ఎక్కాక వెనక్కి తిరిగి చూస్తే, వంగి ఒక్కొక్క పోగూ ఏరుతోంది.

నలభై మూడో రోజు

ఈ ఒక్క మాటా చేర్చడానికే కార్యాలయానికి వెళ్ళాను. దీనికి నర్సమ్మగారి దగ్గర జవాబు ఉండదని తెలుసు. ఇది ఏ వయసుకీ మామూలు కాదు. ఎల్లేశ్వరి అప్పటికే వచ్చి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. మొహం చూస్తే ముందు రోజంతా కూడు తిన్నట్టు లేదు.

"ఇంకేటైనా చేర్చాలా?" అని నర్సమ్మగారు అడిగారు.

"ఉంది" అన్నాను. కలం తీసుకుని ఖాళీ పేజీ కోసం పుస్తకం తిప్పుతుంటే నా దస్తూరీలోనే ఆ మాట కనిపించింది. నిద్రపోతోంది అన్నాను, తలుపు తీయకుండా. మర్నాటి నుంచి కూడా ఇదే మాట. ఆమె ఆరు నెలలు చెప్పిన అబద్ధమే, అదే మాటతో, అదే కారణానికి. ఆ అబద్ధంతో నేను పిల్లని దాచింది పదిహేడు రోజులే. అంతకన్నా గడువు ఉంటే ఎన్ని నెలలు దాచేదాన్నో నాకు తెలియదు.

కలం మూసేశాను. "ఏమీ లేదు. వెనక్కి తీసుకుంటున్నాను."

ఎల్లేశ్వరి నా వైపు చూసింది. నేను చూడలేదు. క్షమించానని ఇక్కడ రాయలేను. ఆ నూట నాలుగు నిమిషాలు నాకు ఎవరూ ఇవ్వలేరు. బయటికి వచ్చాక, "రేపటి నుంచి మధ్యాహ్నం రా. తలుపు వెయ్యను" అని మాత్రం చెప్పాను.

"సరే వదినా" అంది.

యాభై ఎనిమిదో రోజు

నలభై ఒకటో రోజు నుంచి ఉన్నవన్నీ ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాకే రాసుకున్నాను. పుస్తకంలో ఇంకా కాగితాలున్నాయి. ఈ రోజుది రాసి పెట్టుకోవాలనిపించింది. ఇది ఎవరికీ ఇవ్వడానికి కాదు.

ఓడ నిన్న బయలుదేరింది. పద్నాలుగో తెప్ప మనిషి తన బిడ్డని ఎల్లేశ్వరికి అప్పగించి ఎక్కింది. ఈ పొద్దున కిన్నెరని తీసుకుని చూడడానికి వెళ్ళాను. ఎల్లేశ్వరి గుమ్మంలో కూర్చుని, బిడ్డని ఒళ్ళో పెట్టుకుని గోరువెచ్చటి పాలు పడుతోంది.

కిన్నెర కొంచెం దూరంలో ఆగిపోయింది. చాలాసేపు చూసింది.

"దీన్ని ఎప్పుడు తీసుకెళ్ళిపోతారు?"

"ఇక్కడే ఉంటాది. వాళ్లమ్మ వచ్చేదాకా" అంది ఎల్లేశ్వరి.

కిన్నెర దగ్గరకి నడిచింది. గుడ్డలోంచి బయటికొచ్చిన బిడ్డ పాదం రెండు చేతులతో పట్టుకుని, వంగి కొరికింది. బిడ్డ గుక్కపట్టింది. "కిన్నెరా" అని ఎల్లేశ్వరి గట్టిగా గదిమి, అరచేత్తో దాన్ని వెనక్కి నెట్టింది. అత్త గొంతు అలా రావడం కిన్నెర ఎన్నడూ విని ఉండదు. నేల మీద బోర్లా పడి ఏడ్వడం మొదలుపెట్టింది. ఎల్లేశ్వరి లేవబోయింది. ఒళ్ళో బిడ్డ ఏడుస్తుంటే లేవలేకపోయింది.

రేవులో దిగిన రోజు నుంచి నేను కోరుకున్నది సరిగ్గా ఇదే. ఎల్లేశ్వరి వల్ల కిన్నెర ఏడవాలి, ఎత్తుకోవడానికి నేనొక్కదాన్నే ఉండాలి. సంతోషం కలగలేదని రాస్తే అబద్ధం అవుతుంది. కొంచెం కలిగింది. కానీ నేల మీద ఆ పిల్ల మొహం చూశాక అది నిలవలేదు. ఆ నొప్పి నాకు బాగా తెలిసినదే. ఎత్తుకోబోయి, మానుకుని, దాని పక్కనే నేల మీద కూర్చున్నాను.

"అ అత్త నాది" అంది ఏడుపు మధ్యలో.

"తెలుసు."

"ఆ పాపని ఓడలో పెట్టి పంపించెయ్."

"నాకూ ఒకర్ని పంపించెయ్యాలనిపించింది" అన్నాను.

"ఎవర్ని?"

"అత్తని."

ఏడుపు ఆపి నన్ను చూసింది. ముక్కు కారుతోంది. "అత్తని కొరికేవా?"

"కొరకలేదు. పుస్తకంలో రాసేను."

"రాస్తే నొప్పెడతాదా?"

ఎల్లేశ్వరి, బిడ్డని భుజాన వేసి వీపు నిమురుతూ, "నొప్పెట్టింది" అంది.

 బిడ్డ ఏడుపు తగ్గింది. కిన్నెర లేచి, దగ్గరకెళ్ళి, బిడ్డ పాదం మీద తన పళ్ల గుర్తులు చూసింది. రెండుసార్లు ఊదింది. అత్త ఒళ్ళో ఎంత చోటు మిగిలిందో అటూ ఇటూ తల తిప్పి చూసుకుంది. చాలదు. వెనక్కి వచ్చి నా ఒళ్ళో కూలబడి, బిడ్డ మీద నుంచి కళ్లు తీయకుండా, నా చెయ్యి లాగి తన పొట్ట చుట్టూ వేసుకుంది.

అక్కడ చోటు లేక వచ్చిందని నాకు తెలుసు. కాళ్లు తిమ్మిరెక్కేదాకా కదలకుండా కూర్చున్నాను.